ఆకాశపు పేను

ఈ నెల మేము మీతో ఒక విమానం సంగతి చెప్పాలని కూర్చున్నాము. పాస్టరు గారికి విమానంతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. మేము చదివింది వేదాంత డిప్లొమా. మా వాహనం పాత మోటారు సైకిలు. అయినా రెండేళ్ళ క్రితం ఒక వేసవిలో ఒక చిన్న విమానం మా నిద్ర పాడు చేసింది, మా నోటి మాటను మాకే తిప్పి చూపించింది. ఆ సంగతి మీకు కూడా పనికి వస్తుందని రాస్తున్నాము.

నాగావళి ఒడ్డున మేము చూసుకునే మూడు ఊళ్ళ సంఘాలలో ఒకదానిలో ఒక వడ్రంగి కుటుంబం ఉంది. నాగళ్ళు, మంచాలు, ద్వారబంధాలు చేసుకుని బతికే నెమ్మదైన మనిషి. ఈస్టరు వెళ్ళిన వారంలో ఒక రోజు తెల్లవారుతూనే ఆయన మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. కాఫీ ఇస్తే పుచ్చుకున్నాడు గాని తాగలేదు.

"అయ్యగారూ, మా గుంటడు విమానం కడతన్నాడు. తవరొచ్చి ఓపాలి సూడాల" అన్నాడు.

పిల్లవాడు ఆడుకోవడానికి ఏదో బొమ్మ చేస్తున్నాడనుకున్నాము. వెళ్ళి చూస్తే గుండె ఝల్లుమంది. పశువుల పాక వెనక వెదురుబొంగులతో, సరుగుడు కర్రలతో కట్టిన చట్రం. దాని మీద నీలం రంగు టార్పాలిన్ పట్టా బిగించిన రెక్క, ఇటు గోడ నుంచి అటు గోడ దాకా ఉంది. పాత మోపెడ్ ఇంజను, దాని చక్రాలే. కాళ్ళు కోసేసిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మధ్యలో బిగించి ఉంది. ఒక్క కుర్చీయే. అందులో ఎవరు కూర్చోబోతున్నారో అడగనవసరం లేదు.

అబ్బాయికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఇంటర్మీడియట్‌లో భౌతిక శాస్త్రం ఒక్కటే తప్పి ఇంట్లో ఉన్నాడు. సెల్‌ఫోనులో వీడియోలు చూసి, తండ్రి పనిముట్లతో, నాలుగు నెలలు కష్టపడ్డాడు. తెలివైన చేతులు. అతుకులు చూస్తే వడ్రంగి బిడ్డ అని తెలుస్తుంది.

"ఇది ఎగురుతుందా బాబూ?" అని అడిగాము.

"ఎగిరేదే అయ్యగారూ. కోసీసిన మడిలోంచి లెగిపోద్ది."

"పడితే?"

అబ్బాయి మా ముఖం వంక చూసి నవ్వాడు. "మీరే సెప్పారు కదండీ, క్రిస్మస్ యూత్ మీటింగులో. గట్టు మీద కూకొని లోతు అడిగినోడికి ఈత రాదు, దిగండి అని."

మాకు నోట మాట రాలేదు. ఆ మాట మేము అన్నదే. యువకులు పరీక్షలు తప్పి అరుగుల మీద కూర్చుంటున్నారని, వారికి ధైర్యం చెప్పాలని అన్నాము. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ సంతోషించి ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాము. ఆ మాట ఒక పిల్లవాడి చేతిలో వెదురుబొంగుగా, టార్పాలిన్ పట్టాగా మారుతోందని మాకేం తెలుసు?

ఆ రోజు అబ్బాయిని వద్దని గట్టిగా అనలేకపోయాము. పది రోజులు ఆగమని మాత్రం మాట తీసుకున్నాము. విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడికి ఫోను చేసి ఇంట్లో కట్టుకునే విమానాల సంగతి అడిగాము. ఆ ఆదివారం వాడు కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. "మామయ్యా, మీ అబ్బాయి లాంటివాడు ఫ్రాన్సులో ఒకాయన ఉండేవాడు. ముందు ఆయన కథ వినండి" అన్నాడు. ఆ కథే ఇప్పుడు మీకు చెబుతున్నాము.

ఆయన పేరు ఆన్రీ మిన్యే. 1893లో పుట్టాడు. రేడియో పని తెలిసినవాడే గాని విమానాల కంపెనీలలో పెరిగినవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక విమానాలంటే లోకమంతా మోజుపడింది. కాని కొనగలిగినవారు ఎందరు? మన దేశంలో జె.ఆర్.డి. టాటా గారు 1929లో విమానం నడిపే మొదటి లైసెన్సు తీసుకున్నారు. 1932 అక్టోబరులో ఆయన కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులతో విమానం నడిపితే, అక్కడి నుంచి నెవిల్ వింట్‌సెంట్ అనే ఆయన బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. అవి గొప్పవారి చేతిలోని పనులు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఒక చిన్న మాత్ విమానం ఖరీదే సుమారు 600 పౌన్లు. కూలి మనిషి ఏళ్ళ తరబడి కూడబెట్టినా అందని సొమ్ము.

మన ఉత్తరాంధ్ర పల్లెలలో అయితే విమానం అన్న మాటకు మొదట భయమే అర్థం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ చేసి జనం పల్లెలకు పరుగెత్తారు. మా నాయనమ్మ ముసలితనంలో కూడా ఆకాశంలో మోత వినబడితే చేతిలో చేట కింద పెట్టి పైకి చూసేది. విమానమంటే రాజులదీ, సైన్యాలదీ. బీదవాడు దాని కింద నిలబడి చూడవలసినవాడే.

మిన్యే దీనిని ఒప్పుకోలేదు. విమానం మామూలు మనిషిది కావాలన్నాడు. అప్పటి విమానాలలో చేతి కర్రను, కాళ్ళ కింది పెడళ్ళను ఒక్కసారే సరిచూసుకుంటూ నడపాలి. అది తనకే చిక్కుగా తోచింది. అందుకని పెడళ్ళు తీసేశాడు. రెక్కల చివర కదిలే పలకలనూ తీసేశాడు. ఒకదాని వెనక ఒకటి రెండు రెక్కలు పెట్టాడు. ముందు రెక్క మొత్తం ఇరుసు మీద కిందికీ పైకీ వాలుతుంది. చేతి కర్ర వెనక్కి లాగితే ముందు రెక్క ముందు అంచు లేస్తుంది, విమానం పైకి పోతుంది. పక్కలకు తిప్పితే తోక చుక్కాని తిరుగుతుంది. అంతే, ఒక్క కర్రతో అంతా. ఉత్తర ఫ్రాన్సులో స్వాసాన్ పట్టణం దగ్గర అడవిలో గుడారం వేసుకుని, అక్కడే కట్టి, అక్కడే ఎగిరి చూసుకున్నాడు. 1933 సెప్టెంబరు 10న అది నేల విడిచింది.

దానికి హెచ్.ఎం. 14 అని పేరు. ఆయన పేరులోని మొదటి అక్షరాలు, ఆయన గీసిన పద్నాలుగో నమూనా అని. పొడవు సుమారు 12 అడుగులు. ముందు రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 20 అడుగులు. ఖాళీ బరువు సుమారు 100 కిలోలు. మోటారు సైకిలుకు సరిపోయేటంత 17 గుర్రాల శక్తి గల ఇంజను. ఒక్క మనిషికే చోటు. ఆయన దానికి పెట్టిన ముద్దు పేరు 'పూ దు సియెల్'. అంటే ఆకాశపు పేను! ఇంగ్లీషువారు దానిని 'ఫ్లయింగ్ ఫ్లీ' అన్నారు. కుక్కల ఒంటి మీద గెంతే చిన్న పురుగు పేరు అది. పేరులోనే బీదవాడి పరిహాసం ఉంది.

1934లో మిన్యే దానిని ఎలా కట్టాలో, ఎలా నడపాలో తెలిపే పుస్తకం అచ్చు వేశాడు. పెట్టెకు మేకులు కొట్టగలిగిన వాడెవడైనా దీనిని కట్టవచ్చునని ఆయన ధీమా. 1935లో ఇంగ్లీషులోకి వచ్చిన పుస్తకం మొదటి కూర్పు 6000 ప్రతులు ఒక నెలలోనే చెల్లిపోయాయి. ఆ ఆగస్టు 13న మిన్యే తానే ఆ పేను మీద కూర్చుని ఫ్రాన్సు నుంచి సముద్రం దాటి ఇంగ్లండులో దిగాడు. ఇంకేం కావాలి? మెకానిక్కులు, గుమస్తాలు, కుర్రకారు తమ షెడ్లలో, పెరళ్ళలో, ముందు గదులలో చెక్క పలకలు చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. వందల సంఖ్యలో పేలు తయారయ్యాయి.

ఇంతవరకు చదివి మా మేనల్లుడు ఆగాడు. మాకు ఆ మనిషి మీద ప్రేమ కలిగింది. ఇందులో తప్పేముంది, సామాన్యునికి రెక్కలిచ్చాడు కదా అన్నాము.

"ఇక్కడి నుంచి చదవండి మామయ్యా" అని వాడు మిగతా కాగితాలు మా చేతిలో పెట్టాడు.

1935, 1936 సంవత్సరాలలో పేలు కూలడం మొదలైంది. చాలా ప్రమాదాలలో తీరు ఒక్కటే. విమానం ముక్కు కిందికి వాలుతుంది. నడిపేవాడు కర్ర వెనక్కి లాగుతాడు. ముక్కు లేవదు. ఇంకా లాగుతాడు. ఇంకా కిందికి పోతుంది. అలాగే నేలను తాకుతుంది. 1936లో బ్రిటనులో చనిపోయినవారిలో వైమానిక దళపు అధికారులు కూడా ఉన్నారు. అంటే తప్పు చేతకాని చేతులది కాదు.

అప్పుడు ఫ్రాన్సులో షాలే మ్యూడాన్ అనే చోట, ఇంగ్లండులో ఫార్న్‌బరోలో పరీక్షలు పెట్టారు. పెద్ద పంకాతో గాలి తోసే సొరంగం వంటి గదిలో అసలు విమానాన్నే నిలబెట్టి చూశారు. ఫార్న్‌బరోలోని ఆ సొరంగం నోరు 24 అడుగులు. ముక్కు 15 డిగ్రీలకు మించి కిందికి వాలితే ఆ విమానాన్ని తిరిగి పైకెత్తే బలం ఆ కర్రకు లేదని తేలింది.

కారణం మేము పొలం భాషలో చెబుతాము. రెండు చూరులు ఒకదాని మీదికి ఒకటి కొంచెం వచ్చినట్టు, ముందు రెక్క వెనక అంచు వెనక రెక్క ముందు అంచు మీదికి వచ్చి ఉంది. కర్ర లాగినప్పుడు ముందు రెక్క ముందు అంచు లేస్తుంది, వెనక అంచు దిగుతుంది. రెండు రెక్కల మధ్య సందు ఇరుకవుతుంది. చెరువు తూము సగం మూస్తే ఆ సందులోంచి నీరు ఎంత వడిగా దూకుతుందో మీకు తెలుసు. గాలి కూడా ఆ ఇరుకులోంచి అలాగే వడిగా పోయి వెనక రెక్కను పైకి ఎత్తుతుంది. వెనక భాగం లేస్తే ముక్కు ఎటు పోతుంది? కిందికే. ప్రాణం కాపాడుకోవడానికి మనిషి చేసే పనే ఆ మనిషిని నేలకు తోస్తుంది.

1936లో బ్రిటిషు ప్రభుత్వ విమాన శాఖ ఆ విమానాలకు కొత్త అనుమతులు ఇవ్వడం ఆపివేసింది. పేను సరదా ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మిన్యే మోసగాడు కాడు. తాను చెప్పినదాన్ని తాను నమ్మాడు. తాను కట్టినదాని మీద తానే ఎక్కి సముద్రం దాటాడు. ఇంతకంటే నిజాయితీ ఏముంటుంది? అయినా అతడు తనకు తెలిసిన గాలిలో, తనకు అలవాటైన చేతితో ఎగిరాడు. పుస్తకం చదివినవాడికి ఆ చేయి లేదు, ఉన్నది ఆ మాటే. ఆ మాటలోని లోపం చెప్పినవానికి తగలక ముందే విన్నవానికి తగిలింది. ఆదివారం తరువాత ఆదివారం జనం ముందు నిలబడి మాట్లాడే మాకు ఈ సంగతి ముల్లులా గుచ్చుకుంది. గట్టు మీద కూర్చోవద్దు, దిగండి అన్నాము. దిగేముందు గెడ వేసి లోతు చూడమని మేము అనలేదు.

మర్నాడు కాగితాలు పట్టుకుని అబ్బాయి దగ్గరికి వెళ్ళాము. పాకలో కుర్చీ పక్కనే కింద కూర్చుని అంతా చెప్పాము. అబ్బాయి మధ్యలో మాట్లాడలేదు. చివరికి, "నాది ఒకటే రెక్క కదండీ. ఆ సందు నాకు లేదు" అన్నాడు. తెలివైన ప్రశ్నే. మాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాము. "మరి నీ దానిలో ఏ సందు ఉందో నీకు తెలుసా బాబూ?" అని మాత్రం అడిగాము. అబ్బాయి తల దించుకున్నాడు.

ముందు చిన్నది చేసి చూద్దామని ఒప్పుకున్నాడు. కొబ్బరి ఈనెలతో, పలచని కాగితంతో తన విమానానికి పిల్ల విమానం చేశాడు. గుడి డాబా మీదికెక్కి వదిలాము. ఎన్ని సార్లు వదిలినా ముక్కు కిందికే. తోక చిన్నదిగా ఉందని ఒకసారి, ముక్కు బరువుగా ఉందని ఒకసారి మార్చాడు. కొంచెం దూరం పోయి మళ్ళీ పడింది. "సిన్నది పడితే పెద్దది పడాలనేటుంది?" అని చివరికి విసుక్కున్నాడు.

అప్పటిదాకా నోరు విప్పని తండ్రి అప్పుడు అన్నాడు: "అయితే ముందు నీ బదులు ఇసక బస్తా కూకోబెట్టు."

సంఘ పెద్ద ఒకరి ట్రాక్టరు తెచ్చాము. కోత కోసిన మడిలో పిల్లలనెవరినీ రానీయకుండా నిలబడ్డాము. ఇంజను తీసేసి, అంత బరువు రాయి కట్టి, కుర్చీలో ఇసుక బస్తా కూర్చోబెట్టి, పొడవాటి తాడుతో ట్రాక్టరుకు కట్టారు. ట్రాక్టరు వేగం అందుకుంది. చక్రాలు ఎగిరెగిరి పడ్డాయి. ఒక్కసారి, నిజంగానే, అది నేల విడిచింది. ప్రియులారా, ఆ క్షణం మేము కూడా చేతులెత్తి కేక పెట్టాము. వెదురుబొంగు, టార్పాలిన్ పట్టా మనిషి నిలువెత్తు లేచాయి! ఆ అబ్బాయి ముఖంలో వెలుగు మేము మరిచిపోలేము. మరుక్షణం ఒక పక్కకు ఒరిగి, ముక్కు దించి, గట్టుకు కొట్టుకుంది. కుర్చీ ముక్కలయింది. బస్తా చిరిగి ఇసుక మడిలో పారింది.

ఎవరూ మాట్లాడలేదు. తండ్రి మెల్లగా నడిచి వెళ్ళి ఆ ఇసుక దగ్గర గొంతుకు కూర్చున్నాడు. గుప్పెడు తీసి చేతిలో చూసుకుంటూ చాలా సేపు అలాగే ఉన్నాడు.

ఆ ఆదివారం గుడిలో మేము నిలబడి, క్రిస్మస్ కూటంలో మేము చెప్పింది సగం మాటేనని, మిగతా సగం చెప్పకపోవడం మా తప్పని ఒప్పుకున్నాము. అంత మాట పాస్టరు గారు అనవలసింది కాదని పెద్దలలో ఒకరిద్దరు తరువాత మందలించారు. కాని ఒక గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ఎన్నోసార్లు బోధించిన మేమే లెక్క చూడకుండా మాట్లాడితే ఎలా?

అబ్బాయి రెండు ఆదివారాలు గుడికి రాలేదు. మూడో ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగాడు. "ఆ మిన్యే గారు తరవాత ఏటి సేశారండీ?"

మాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. మిన్యే మానలేదు. లోపం తెలిశాక రెక్కల అమరిక మార్చాడు. దేశదేశాలు తిరిగాడు, కొత్త నమూనాలు గీస్తూనే ఉన్నాడు, 1965లో చనిపోయాడు. ఆయన బాణీలో సరిచేసిన రెండు రెక్కల విమానాలు తరువాతి కాలంలో క్షేమంగా ఎగిరాయి. పాత పేలు ఫ్రాన్సు, బ్రిటన్ మ్యూజియాలలో ఉన్నాయి. తన ఇంటిలో తాను విమానం కట్టుకోవచ్చునన్న ఆశ మాత్రం లోకంలో చావలేదు. మన దేశంలో కూడా పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతితో తేలిక విమానాలు ఎగురుతున్నాయి. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో పిల్లలకు నమూనా విమానాలు చేయడం నేర్పుతారు. దారి ఉంది. ఆ దారికి మెట్లు ఉన్నాయి.

ఇదంతా చెప్పాక మా మేనల్లుడు అబ్బాయికి ఇంకొక మాట చెప్పాడు. విమానాలను బాగుచేసే మెకానిక్కు చదువు ఒకటి ఉందట. దానికి ఇంటర్మీడియట్‌లో భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, గణితం ప్యాసవ్వాలట. ఆ భౌతిక శాస్త్రమే అబ్బాయి తప్పింది!

విజయనగరం జిల్లా భోగాపురంలో 2023 మే 3న అల్లూరి సీతారామరాజు పేరు మీద అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. మన సరుగుడు తోటల, జీడితోటల మధ్యకు విమానాలను రప్పించే పని అది. వాటిని కింద నిలబడి చూసేవారిగానే మన పిల్లలు ఉండిపోనక్కరలేదు. ఇంజను విప్పి, లోపం పట్టి, ఇది ఎగరవచ్చునని సంతకం చేసే చేయి కూడా మన పల్లెదే కావచ్చు.

అబ్బాయి తప్పిన పరీక్షకు మళ్ళీ ఫీజు కట్టాడు. మొదటిసారి మళ్ళీ తప్పాడు. రెండోసారి ప్యాసయ్యాడు. ఆ చదువుకు డబ్బు ఎలాగా అని తండ్రి, మేము, సంఘ పెద్దలు ఇప్పుడు కూర్చుని లెక్క చూసుకుంటున్నాము. ఇంకా తేలలేదు. టార్పాలిన్ పట్టా పశువుల పాక మీదికెక్కింది. వెదురుబొంగులు పోయిన క్రిస్మస్ పందిరికి పనికొచ్చాయి. పిల్ల విమానం మాత్రం మా రాత బల్ల మీద ఉంది. ఆదివారపు ప్రసంగం రాసుకునేటప్పుడు దాని వంక ఒకసారి చూస్తాము. ఈ మాట నమ్మి ఒకడు కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది అని అడుగుకుంటాము. జవాబు రాకపోతే ఆ వాక్యం కొట్టేస్తాము.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, మీ ఇంటి పెరటిలో కూడా ఏ బిడ్డయినా రెక్కలు కడుతూ ఉండవచ్చు. విరగ్గొట్టకండి. ఊరికే చప్పట్లు కొట్టి పంపించేయకండి. ముందు ఇసుక బస్తాను కూర్చోబెట్టండి, తాడు మీరు కూడా పట్టుకోండి.